మెట్టసీమలో గువ్వల వేట

మదనపల్లెకు ఉత్తరాన తంబళ్లపల్లె, ములకలచెరువు, పెద్దమండ్యం వైపు సాగే నేలా, దక్షిణాన పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా విస్తరించిన నేలా వానను నమ్ముకొని బతికిన మెట్టసీమలే. రాతిగుట్టలు, గుట్టల కింద చెరువులు, చెరువు నీరు అందని చోట రాగి, సజ్జ, కొర్ర, ఉలవ పండే ఎర్రచేలు ఈ సీమకు పూర్వరూపం. ఇక్కడ గువ్వలనూ అడవి పావురాలనూ పట్టి తినడం శతాబ్దాల పాటు సాగిన ఆచారం. అడవి పావురం అనే మాటను బట్టి దీన్ని దట్టమైన అడవుల్లో జరిగిన వేటగా ఊహించుకొంటే ఈ సీమ చరిత్ర అర్థం కాదు. చేను, కళ్లం, బావి, బాట పక్కన మర్రిచెట్టు ఈ వేటకు అసలైన రంగస్థలాలు. సేద్యపు పనుల వెంట పుట్టి పెరిగిన ఈ ఆచారం సేద్యం మారిన తరుణంలోనే సన్నగిల్లింది.

గువ్వ, పావురం ఒకే కుటుంబానికి చెందిన పక్షులు. చిన్నవాటిని గువ్వలనీ, పెద్దవాటిని పావురాలు లేక పావురాయిలనీ పిలవడం వాడుక. చేలల్లో నేల మీద గింజలు ఏరుకొనేవి బెల్లగువ్వలు. వాటిలోనూ చిన్న బెల్లగువ్వ, పెద్ద బెల్లగువ్వ, పొదల అంచున తిరిగే పొద బెల్లగువ్వ అని రకాలున్నాయి. మర్రి, రావి, జువ్వి పండ్లను తింటూ చెట్ల కొమ్మల్లోనే గడుపుతూ, నేల మీదికి అరుదుగా దిగేది పచ్చగువ్వ. కొండచరియల్లోనూ, కోటగోడల సందుల్లోనూ, గుడి గోపురాల్లోనూ గుంపులుగా కాపురముండే నీలిబూడిద రంగు పక్షి గుడి పావురాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, కొంతకాలం నెల్లూరులో ఉన్న టి.సి. జెర్డన్ 1862-64 మధ్య ప్రచురించిన భారతదేశపు పక్షుల గ్రంథంలో ఇలాంటి తెలుగు పేర్లను శాస్త్రీయ నామాల పక్కనే నమోదు చేశాడు. ఇన్ని రకాలను వేరుచేసి పేర్లు పెట్టినవారు వాటిని దగ్గరగా చూసిన రైతులూ, వాటిని పట్టి బతికిన వేటగాళ్లూ. జెర్డన్ గ్రంథంలోని ఆ పేర్లకు మూలం వారి వాడుకే.

ఈ ఆచారం ఎంత పాతదో తెలుసుకోవడానికి విజయనగర కాలపు విదేశీయుల రాతలు బలమైన ఆధారం. తంబళ్లపల్లె ప్రాంతం విజయనగర రాజ్యంలో అంతర్భాగంగా ఉండేది. 1565 యుద్ధం తరువాత ఆ రాజ్యం మొదట పెనుకొండకూ, ఆపైన చంద్రగిరికీ తరలినప్పుడు ఈ మెట్టసీమ రెండు రాజధానుల నడుమ పడింది. అంతకు ముందు, 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి అంగడిలో కౌజుపిట్టలు, పూరేళ్లు, కుందేళ్లతో పాటు గువ్వలూ పావురాలూ రాశులుగా అమ్మకానికి వచ్చేవని రాశాడు. గువ్వల్లో రెండు రకాలున్నాయనీ, ఒక చిన్న నాణేనికి పన్నెండు నుంచి పద్నాలుగు గువ్వలు వచ్చేవనీ కూడా ఆయన చెప్పాడు. 1535 ప్రాంతంలో రాసిన మరో పోర్చుగీసువాడు నూనిజ్ అయితే రాజులు ఆవు, ఎద్దుల మాంసం తప్ప మిగిలినవన్నీ తినేవారని చెబుతూ, ఆ వరుసలో గువ్వలనూ చేర్చాడు. గువ్వ మాంసం పేదవాడి గతిలేని తిండి మాత్రమే అయి ఉంటుందనే ఊహను ఈ ఒక్క వాక్యమే చెరిపేస్తుంది. రాబర్ట్ సువెల్ 1900లో ప్రచురించిన విజయనగర చరిత్ర గ్రంథం ద్వారా ఈ రెండు కథనాలూ ఆధునిక పాఠకులకు చేరువయ్యాయి.

ఆ రాతల్లో మరో విశేషముంది. అంగడికి వచ్చిన పిట్టలనూ జంతువులనూ ప్రాణంతోనే అమ్మేవారని ఇద్దరూ చెప్పారు. వేట పద్ధతిని నిర్ణయించింది ఈ నియమమేనని భావించడం సమంజసం. చచ్చిన పిట్ట ఎండకాలంలో పూట గడవకముందే చెడిపోతుంది, ప్రాణంతో ఉన్నదైతే బుట్టలో రెండు మూడు రోజులు ఉంచి సంత దాకా మోసుకుపోవచ్చు. తరువాతి కాలంలో గుర్రంకొండ కోట కడప నవాబుల నుంచి హైదర్ అలీ చేతికి వెళ్లి, ఆ చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలు స్థిరపడినప్పుడు, హలాల్ చేయడానికి కూడా ప్రాణమున్న పిట్టే అవసరమైంది. బాణంతోనో గుండుతోనో చంపిన పిట్టకు ఇంటి పొయ్యి దగ్గర విలువ ఉంటుందేమో కానీ సంతలో ఉండదు. అందువల్ల ఈ సీమలో గువ్వలను పట్టి అమ్మేవారి ముఖ్య సాధనం వల, దాని తరువాతిది ఉచ్చు.

వల పన్నే తీరు తెలుగు చదువుకొన్న ప్రతి ఒక్కరికీ బాల్యంలోనే పరిచయం. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో చిత్రగ్రీవుడనే పావురాల రాజు కథ నూకలు చల్లి వల పరచిన వేటగాడితో మొదలవుతుంది. కథలో పావురాలు వలతో సహా ఎగిరిపోయి ఎలుక స్నేహంతో బయటపడ్డాయి, చేనులో మాత్రం గువ్వలకు అలాంటి అదృష్టం దక్కేది కాదు. కోత ముగిసిన చేనులో వేటగాడు కొంత మేర నేల చదును చేసి, సజ్జలో కొర్రలో చల్లి, రెండు కర్రలకు బిగించిన వలను ఒక పక్కకు మడిచి దుమ్ముతో కప్పేవాడు. వల తాడు చివర పట్టుకొని ఆకుల తడిక చాటున కూర్చొనేవాడు. గింజల నడుమ కాలికి దారం కట్టిన ఒక పెంపుడు గువ్వ తిరుగుతూ ఉండేది. ఎర కోసం వాడే ఇలాంటి మచ్చికైన పిట్టకూ జంతువుకూ దీమం అని పేరు. దీమం నిర్భయంగా మేస్తుండడం చూసి పైన తిరిగే గువ్వలు దిగేవి, అన్నీ తలలు వంచి గింజల మీద పడ్డాక తాడు లాగితే వల ఒక్కసారిగా మడత పడేది. మొదటి గువ్వ దిగగానే తాడు లాగేవాడు పనికిమాలిన వేటగాడు. దిగిన గుంపు గింజల రుచి మరిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోగలగడంలోనే ఈ పనితనమంతా ఉంది.

ఉచ్చులను గుర్రపు తోక వెంట్రుకలతో పేనేవారు. వాటిని వెదురు పుల్లలకు కట్టి నీటి మడుగుల అంచున వరుసగా నాటితే, దాహానికి వచ్చిన గువ్వ కాళ్లు ఆ ముడుల్లో చిక్కుకొనేవి. గింజలు మేసే పక్షులు కావడం వల్ల గువ్వలకు నీళ్లు రోజూ కావాలి. వేసవిలో చెరువులు ఎండి ఒకటి రెండు మడుగులే మిగిలినప్పుడు వాటి రాకపోకల దారి వేటగాడికి కొట్టినపిండి. పచ్చగువ్వ అరుదుగా తప్ప నేలకు దిగదు కనుక దానికి వలా ఉచ్చూ పనికిరావు. మర్రి, రావి పాలను నూనెతో కాచి తీసిన బంకను పుల్లలకు పూసి, పండిన కొమ్మల మీద పెట్టేవారు.

గుడి పావురాయి జాతి పావురాలు కొండచరియల్లోనే కాక బావుల్లోనూ కాపురముండేవి. బావిలోని వేటకు పద్ధతి వేరు. ఎద్దులతో తోలుబొక్కెన లాగించి నీళ్లు తోడే బావులను రాయలసీమలో కపిల బావులు అంటారు. వీటి గోడలను సున్నం లేకుండా రాళ్లు పేర్చి కట్టడం వల్ల రాయికీ రాయికీ నడుమ సందులు మిగిలేవి, ఆ సందుల్లో పావురాలు గూళ్లు పెట్టేవి. పగలంతా చేలల్లో మేసి పొద్దుగూకే వేళకు గుంపుగా బావిలోకి దిగి, గోడల్లో సర్దుకొనేవి. చీకటి పడ్డాక ముగ్గురు నలుగురు అలికిడి లేకుండా బావి గట్టుకు చేరి, వల కొసలు పట్టుకొని బావి నోటి మీద చాపేవారు. ఒకరు కాగడా వెలిగించి మెట్ల మీదుగా కొంత లోతుకు దిగి చప్పట్లు చరిచేవారు, లేదా నీళ్లలోకి రాయి విసిరేవారు. వెలుతురుకూ చప్పుడుకూ బెదిరిన పావురాలు ఒక్కసారిగా రెక్కలు టపటపలాడిస్తూ పైకి లేచి వలకు తగిలేవి. పైనున్నవారు వల కొసలను చుట్టి లోపలికి తోసేవారు. ఒకసారి వల వేసిన బావికి పావురాలు మళ్లీ నమ్మకంగా చేరడానికి చాలా రోజులు పడుతుంది కాబట్టి ఒక బావిని వెంటవెంటనే వేటాడి లాభం లేదు. బావి ఒక రైతుది, గట్టు మరొక రైతుది అయిన చోట వారి అనుమతి లేకుండా వల పరచడం కుదరదు. అందువల్ల పట్టిన పావురాల్లో ఆ రైతులకు కొన్ని ఇచ్చుకోవలసి వచ్చేది.

రైతుకు గువ్వ పంటకు శత్రువు కూడా. కంకి పాలుపోసుకొన్నది మొదలు కోత దాకా సజ్జచేనుకూ జొన్నచేనుకూ మంచె వేసి కాపలా కాసేవారు. మంచె అంటే నాలుగు గుంజల మీద ఎత్తుగా కట్టిన కావలి పందిరి. దాని మీద నిలబడి వడిసెలతో రాళ్లు విసిరి పిట్టలను తోలడం పిల్లలకూ ముసలివారికీ అప్పగించే పని. నడుమ రాయి పెట్టి తిప్పి విసిరే తాటి పేరు వడిసెల. అలా విసిరిన రాయి గువ్వకు తగిలితే ఆ పూట కూర అదే. పంట కళ్లానికి చేరాక, అంటే కంకులు తొక్కించి గింజ రాల్చే చదునునేలకు వచ్చాక, రాలిన గింజల కోసం గువ్వలు అక్కడికే గుంపులు కట్టేవి. సంక్రాంతి అటూఇటూ ఉన్న ఆ నెలల్లోనే అవి బలిసి ఉండేవి. రాయలసీమలో కనుమనాడు దేవుణ్ణే వేటకు ఊరేగించే పార్వేట ఉత్సవం తిరుమలలోనూ అహోబిలంలోనూ నేటికీ జరుగుతుంది. పంట ఇంటికి చేరిన ఆ రోజులు వేటకూ అనువైనవని ఆ ఉత్సవ కాలమే చెబుతున్నది.

రైతులు తీరికవేళ పట్టేవారైతే, పిట్టలనే జీవనాధారం చేసుకొన్నవారు వేరు. వేటకు పేరుపడిన బోయలు ఈ సీమ చరిత్రలో ప్రధానులు. పుంగనూరుకు సమీపంలో చౌడేపల్లె మండలంలో ఉన్న బోయకొండ గంగమ్మ క్షేత్రం వారి పేరునే నిలుపుకొంది. ఇక వలా ఉచ్చూ భుజాన వేసుకొని ఊరూరా తిరిగినవారు నక్కలవారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాల గ్రంథం వీరి గురించి వివరంగా చెబుతుంది. తెలుగువారు నక్కలవాండ్లు అనీ తమిళులు కురువిక్కారులనీ పిలిచే వీరు తమను తాము వాగిరి అని చెప్పుకొంటారు. గుజరాతీకి దగ్గరగా ఉండే భాష వారిది. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కాబట్టి, కర్ణాటక నుంచి పిట్టలు పట్టి బతికే హక్కిపిక్కి జనం కూడా ఆ చుట్టుపక్కల తెలిసినవారే. మగవారు వేటకు వెళితే ఆడవారు పూసలు, సూదులు, దువ్వెనలతో పాటు బుట్టలో గువ్వలు పెట్టుకొని సంతలో కూర్చొనేవారు. ఊరివారు వీరి దగ్గర పిట్టలు కొన్నారు, మందులు అడిగారు, అయినా ఊరి బయటే ఉంచారు. గువ్వల వేట చరిత్ర రాసేటప్పుడు ఈ అన్యాయాన్ని దాటవేయడం తగదు.

వంటింటి సంగతికి వస్తే, గువ్వలో మాంసం చాలా తక్కువ. చిన్న బెల్లగువ్వ దాదాపు 100 గ్రాములకు మించదు, గుడి పావురాయి సుమారు 300 గ్రాములుంటుంది. అందుకే గువ్వలను కోసి ముక్కలు చేసే పని పెద్దగా ఉండదు. ఈకలు పీకి, మిగిలిన నూగును కందికట్టె మంటపై కాల్చి, పసుపు రాసి కడిగి, ఎముకలతో సహా కూర వండేవారు. ఉప్పు, కారం, ధనియాల పొడి, వెల్లుల్లి వేసి పలుచగా పులుసు పెడితే, నాలుగైదు గువ్వలతో ఒక కుటుంబం రాగిసంగటి తినగలిగేది. పిట్ట ఎముకల సారం పులుసులోకి దిగి సంగటి ముద్దకు రుచి తెస్తుంది. కరువు రోజుల్లో ఈ పులుసు విలువ ఇంకా పెరిగేది. 1876-78 నాటి ధాత కరువు కడప జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. మదనపల్లె తాలూకా అప్పుడు కడప జిల్లాలోనే ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి మారింది.

గువ్వ మాంసం ఒంటికి వేడి చేస్తుందనీ, పక్షవాతానికి మంచిదనీ పల్లెల్లో గట్టి నమ్మకం ఉంది. చరకసంహిత చెప్పేది దీనికి విరుద్ధం. ఆ గ్రంథంలోని సూత్రస్థానం 27వ అధ్యాయం ఇళ్లలో ఉండే కపోతాల మాంసం వగరుతో కూడిన తీపి గలదనీ, చలువ చేసేదనీ, రక్తపిత్తాన్ని తగ్గిస్తుందనీ చెప్పి, అడవిలో ఉండే కపోతాల మాంసం అంతకన్నా కొంచెం తేలికైనదని వేరుచేసింది. రక్తపిత్తం అంటే శరీరంలోంచి రక్తం స్రవించే వ్యాధులకు ఆయుర్వేదం పెట్టిన పేరు. పల్లె వైద్యం శాస్త్రగ్రంథాల నుంచి దిగివచ్చిందనే సాధారణ అభిప్రాయానికి ఈ సందర్భం అడ్డుపడుతుంది. పక్షవాతానికి గువ్వను వాడడం చరకుడు చెప్పిన గుణాల నుంచి పుట్టలేదు, వేటగాళ్ల సొంత వైద్య సంప్రదాయంలోంచి వచ్చి ఉండాలి. పక్షవాతం తగ్గుతుందనడానికి మాత్రం ఆధునిక వైద్యంలో ఆధారం లేదు.

తినడంతో పాటు వెనకాడడమూ ఈ చరిత్రలో భాగమే. పావురాన్ని కాపాడడానికి తన మాంసాన్నే కోసి తూచి ఇచ్చిన శిబి కథా, తనను వేటాడినవాడి ఆకలి తీర్చడానికి మంటలో దూకిన కపోతం కథా భారతంలోవే, రెండూ హరికథల ద్వారా పల్లెల దాకా వెళ్లాయి. మరోవైపు చిత్తూరు సీమకు చెందిన శ్రీకాళహస్తిలోనే తిన్నడనే వేటగాడు శివుడికి మాంసం నైవేద్యం పెట్టి కన్నప్పగా పూజలందుకొన్నాడు, ధూర్జటి ఆ కథను కావ్యంగా మలిచాడు. ఈ రెండు ధోరణుల నడుమ పల్లె ఒక ఆచరణ మార్గం ఏర్పరచుకొంది. గుళ్లలోనూ దర్గాల్లోనూ కాపురముండే పావురాలను ముట్టేవారు కాదు. అదే జాతి పావురం బావిలోనో కొండచరియలోనో ఉంటే అభ్యంతరం ఉండేది కాదు. ఆ పక్షికి రక్షణ ఇచ్చింది అది ఎంచుకొన్న చోటు.

ఆంగ్లేయుల కాలంలో పిట్టల వేటకు తుపాకి వాడకం పెరిగింది. మర్రిపండ్లు తినే పచ్చగువ్వలను కాల్చడం నాటి తెల్లదొరలకు దేశమంతటా ఇష్టమైన వినోదం. 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేని తుపాకులను నిషేధించినా, నాటు తుపాకులు కొండపల్లెల్లో నిలిచాయి. పక్షుల కోసం మొదటి చట్టం 1887లో వచ్చింది, అది పొదిగే కాలంలో పట్టణాల్లో అడవి పక్షుల అమ్మకాన్ని మాత్రమే అదుపు చేసింది. 1912 చట్టం పావురాలను కూడా జాబితాలో చేర్చి, వేట నిషిద్ధ కాలాన్ని ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది.

అమెరికాలో కోట్లాదిగా ఉండిన ప్రయాణికుల పావురం వలలకూ తుపాకులకూ బలైపోయి, చివరి పక్షి 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో చనిపోయింది. రాయలసీమ గువ్వకు ఆ గతి పట్టలేదు. ప్రయాణికుల పావురం గూటికి ఒక్క గుడ్డే పెట్టేది, పైగా పెద్ద పెద్ద గుంపులుగా ఒకేచోట పొదిగేది, అందువల్ల రైళ్ల మీద వచ్చే వేటగాళ్లు ఒక్కసారిగా లక్షల్లో చంపగలిగారు. బెల్లగువ్వ రెండు గుడ్లు పెడుతుంది, ఏడాదిలో పలుమార్లు పొదుగుతుంది, తుమ్మచెట్టుకొకటి కంపకొకటి చొప్పున విడివిడిగా గూడు కడుతుంది. వలతో ఒక చేను ఖాళీ అయినా పక్క చేలు ఆ లోటును పూడ్చేవి.

ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో ఈ వేట తగ్గడానికి మూలకారణం చట్టంలో కన్నా నేలలోనే కనిపిస్తుంది. చిరుధాన్యాల స్థానంలోకి వేరుశనగా, ఆపైన టమోటా వచ్చాయి. గింజకంకులు లేని చేనుకు మంచె అక్కర్లేదు, మంచె లేని చోట వడిసెలకూ పని లేదు. కపిల తోలడం పోయి మోటార్లు వచ్చాయి, బోరుబావుల పోటీకి దిగుడు బావుల్లో నీరు అడుగంటింది, చాలా బావులను పూడ్చేశారు. విత్తనాలకు మందు పట్టించడం మొదలయ్యాక చేలల్లో తిరిగే పిట్టను తినడానికి జనం జంకారు. 1970ల తరువాత బ్రాయిలర్ కోడి పల్లె అంగడికి కూడా చేరడంతో, నాలుగు గువ్వల కోసం రాత్రి బావి గట్టున కాపు కాయవలసిన అవసరం లేకపోయింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పట్టడాన్నీ ఉచ్చు పన్నడాన్నీ గుడ్లను పాడుచేయడాన్నీ కూడా వేటగానే నిర్వచించింది. గువ్వలూ పావురాలూ నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి, ఆ షెడ్యూలు పక్షులను మొదట చిన్న వేట లైసెన్సుతో పట్టే వీలుండేది, 1991 సవరణ ఆ లైసెన్సులను రద్దు చేసింది. ఆ షెడ్యూలు పావురాల కుటుంబంలోంచి ఒకే ఒక్క పక్షిని మినహాయించింది, అది గుడి పావురాయి. పల్లె కట్టుబాటు గుడి నీడన కాపాడిన పక్షిని చట్టం వదిలిపెట్టింది, పల్లె నిస్సంకోచంగా తిన్న చేనుగువ్వకు రక్షణ ఇచ్చింది. చట్టం జాతిని చూసింది, ఆచారం చోటును చూసింది. 2022 సవరణ ఆరు షెడ్యూళ్లను నాలుగుకు కుదించి జరిమానాలను పెంచింది, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

వేట పోవడంతో పాటు పోగల మరో సంపద వేటగాడి పక్షిజ్ఞానం. జెర్డన్ పేరుతోనే పిలిచే కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకొన్న పక్షి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. బొంబాయి సహజ చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ ఆ అన్వేషణలో స్థానిక వేటగాళ్లను అడిగి తెలుసుకొన్నాడు, రాత్రివేళ దాన్ని పట్టింది ఒక వేటగాడే. తంబళ్లపల్లెకు పక్కనే ఉన్న కురబలకోట మండలంలోని రిషివ్యాలీలో ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ ఆ లోయ పక్షులపై 1993లో గ్రంథం వెలువరించారు. ఎండిన గుట్టల మీద చెట్లు తిరిగి పెంచితే పక్షులు తిరిగి వస్తాయనడానికి ఆ గ్రంథం సాక్ష్యం. జెర్డన్ రాసుకొన్నట్టే నేటి పక్షిశాస్త్రవేత్తలు కూడా నక్కలవారి ఇళ్ల దగ్గర కూర్చొని పేర్లూ అలవాట్లూ రాసుకోవడం అత్యవసరం, ఎందుకంటే దీమం మచ్చిక చేయడం తెలిసిన తరం వృద్ధాప్యంలో ఉంది.

నక్కలవారికి దక్కిన న్యాయం మాత్రం ఆలస్యంగానే దక్కింది. వారి వృత్తిని లైసెన్సు లేకుంటే నేరంగా మార్చిన చట్టం 1972లో వస్తే, నక్కల, కుర్వికరన్ పేర్లతో వారిని ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 2003లో, తమిళనాడులో నరికురవర్లు అని పిలిచే అదే జనానికి ఆ గుర్తింపు వచ్చింది 2023లో. ఆ చట్టం వచ్చిన నాటికీ గుర్తింపు వచ్చిన నాటికీ నడుమ ఈ సీమలో మూడు దశాబ్దాలు గడిచాయి. ఆ కాలంలో వల చేతపట్టిన కుటుంబాలు చదువూ భూమీ లేకుండానే ప్లాస్టిక్ సామాన్లు, పూసలు, బెలూన్లు అమ్ముకొంటూ సంతలకూ జాతరలకూ మళ్లాయి.